ఫైలు ఉంది, ఆనవాలు లేదు

పాత సావనీరు ఏదైనా ఒకటి తీసి చూడండి. మధ్య పేజీల్లో ఆర్టు పేపరు మీద యూనియన్ కార్యవర్గం గ్రూపు ఫోటో తప్పకుండా ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో "కూర్చున్నవారు: ఎడమ నుంచి కుడికి", "నిలుచున్నవారు: మొదటి వరుస, రెండవ వరుస" అంటూ పేర్ల జాబితా. చదువుకునే రోజుల్లో ఆ జాబితా ఎవరూ చదవరు. ముఖాలన్నీ తెలిసినవే గదా! ఒక ముప్ఫై ఏళ్ళు పోనివ్వండి. ఆ ఫోటోను ఎవరో చక్కగా కత్తిరించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించారనుకుందాం. కింది పేర్ల ముక్క కత్తెర పాలయింది. ఫోటోకు చిరుగు లేదు, మరక లేదు. అయినా అది ఏ సంవత్సరానిదో, అందులో ఎవరెవరున్నారో చెప్పగలవారు లేరు. బొమ్మ మిగిలింది, సాక్ష్యం పోయింది.

ఆ పేర్ల ముక్క వంటిదే మెటాడేటా. మాట కొత్తగా ఉన్నా విషయం పాతదే. కంప్యూటర్లో భద్రపరచిన ప్రతి రికార్డుకూ రెండు భాగాలుంటాయి. మొదటిది అసలు విషయం: ఉత్తరమో, మార్కుల పట్టీయో, తీర్మానమో. రెండవది ఆ విషయాన్ని గురించిన వివరాలు: ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ తేదీన, ఏ పనిలో భాగంగా, ఎంతకాలం ఉంచాలి, ఎవరు చూడవచ్చు, ఆ తర్వాత ఎవరు చెయ్యి పెట్టారు. ఈ వివరాలలో ఒక్కొక్కదాన్ని ఆట్రిబ్యూట్ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని "లక్షణం" అని పిలుచుకుందాం. లక్షణాలన్నీ కలిస్తే మెటాడేటా.

ఎలక్ట్రానిక్ రికార్డ్స్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే పెద్ద పేరుగల ఏర్పాటు ఒకటి ఈనాడు చాలా ఆఫీసుల్లో కనిపిస్తుంది. కాగితాలను స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టడమే దాని పని అని చాలామంది అభిప్రాయం. అది పొరపాటు. స్కాన్ చేయడం ఫోటో తీయడం వంటిది. ఆ ఫోటో కింద పేర్లు రాయడం, ఆ పేర్లు ఫోటోనుంచి ఎన్నటికీ విడిపోకుండా చూడడం దాని అసలు పని.

1. గుమాస్తాకు తెలిసిన విద్య

మన పాత ఆఫీసుల్లో ఈ పని ఎలా జరిగేదో ముందు చూద్దాం. పొద్దున్నే టపా వస్తుంది. ప్రతి ఉత్తరం మీదా తేదీ ముద్ర పడుతుంది. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, ఏ సెక్షన్‌కు సంబంధించినదైతే ఆ గుమాస్తాకు పంపుతారు. ఆయన తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కడినుంచి వచ్చింది, విషయం ఏమిటి, ఏ రోజున ఎవరికి సమర్పించాను అని గళ్ళలో రాసుకుంటాడు. పని ముగిశాక డిస్పోజల్ వేస్తారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది, డి.డిస్. అంటే పదేళ్ళు ఉంచి తీసివేయదగినది, ఎల్.డిస్. అంటే అంతకంటే తక్కువ కాలం చాలునన్నది. ఆ రెండక్షరాలు ఫైలు అట్టమీద పడ్డాక అది రికార్డు రూముకు చేరుతుంది.

ఈ గళ్ళూ, ముద్రలూ, అక్షరాలూ అన్నీ లక్షణాలే. గుమాస్తా వాటిని మెటాడేటా అనలేదు, అంతే తేడా.

అయితే కాగితానికి ఒక సౌకర్యం ఉంది. విషయమూ, లక్షణాలూ చాలావరకు ఒకే కాగితం మీద ఉంటాయి. లెటర్‌హెడ్డు, తేదీ ముద్ర, మార్జిన్‌లో సూపరింటెండెంటు పొట్టి సంతకం, చివర అధికారి ఆకుపచ్చ సిరా. ఎవరైనా చింపితే చిరిగినట్టు కనిపిస్తుంది. దిద్దితే దిద్దినట్టు తెలుస్తుంది. కంప్యూటర్లో అలా కాదు. విషయం ఒకచోట, లక్షణాలు మరొకచోట పట్టికలో ఉంటాయి. రెంటినీ కలిపేది ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే. ఆ ముడి ఊడిపోతే ఎక్కడా చిరుగు కనిపించదు. ఫైలు తెరుచుకుంటుంది, అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. పోయిందేమిటో అవసరం వచ్చిన నాడుగాని తెలియదు. ఈ రంగంలో తక్కిన చిక్కులన్నీ ఈ ఒక్క సంగతిలోంచి పుట్టినవే.

2. వాషింగ్టన్‌లో ఒక వ్యాజ్యం

ఈ ముడి విలువ ఎంతో గట్టిగా తెలియజెప్పిన వ్యాజ్యం అమెరికాలో జరిగింది. 1980ల మొదటి సగంలో అక్కడి జాతీయ భద్రతా మండలి ఉద్యోగులు ప్రాఫ్స్ అనే ఐ.బి.ఎం. వ్యవస్థ ద్వారా ఒకరికొకరు కంప్యూటర్ సందేశాలు పంపుకోవడం మొదలుపెట్టారు. 1986 నవంబరులో ఇరాన్-కాంట్రా వ్యవహారం బయటపడింది. ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మడం, ఆ డబ్బులో కొంత నికరాగ్వా తిరుగుబాటుదార్లకు మళ్ళించడం దాని సారాంశం. మండలిలో పనిచేసిన ఆలివర్ నార్త్, ఆయన పై అధికారి జాన్ పాయిండెక్స్‌టర్ తమ సందేశాలను చాలావరకు తుడిచివేశారు. కాని బ్యాకప్ టేపుల్లో నకళ్ళు మిగిలిపోయాయి. దర్యాప్తుకు అవే ముఖ్య సాక్ష్యాలయ్యాయి.

1989 జనవరి 20న అధ్యక్షుడు రీగన్ పదవీకాలం ముగియవలసి ఉంది. ప్రభుత్వం మారేలోగా ఆ టేపులను చెరిపివేసే ఏర్పాటు జరుగుతున్నదని తెలిసి, సరిగ్గా ముందురోజున స్కాట్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పత్రికా రచయిత, నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ అనే ప్రైవేటు సంస్థ, మరికొందరు కలిసి కోర్టుకు వెళ్ళారు. టేపులు ఆగాయి. వ్యాజ్యం మాత్రం నాలుగేళ్ళకు పైగా నడిచింది.

ప్రభుత్వ పక్షం వాదన సూటిగానే ఉంది. ముఖ్యమైన సందేశాలను కాగితం మీద అచ్చుతీసి ఫైల్లో పెట్టమని ఉద్యోగులకు చెప్పాం, కాగితం ఉండగా కంప్యూటర్ నకలు దేనికి? వినడానికి సబబుగానే ఉంది. ఈనాటికీ ఈ మాట అనే ఆఫీసులు లేకపోలేదు.

1993 ఆగస్టు 13న అప్పీలు కోర్టు ఈ వాదన ఒప్పుకోలేదు. కారణం చూడండి. అచ్చుతీసిన కాగితం మీద సందేశం ఉంది. కాని పంపినవారి స్థానంలో ఒక్కొక్కసారి కంప్యూటర్ గుర్తో, మారుపేరో మాత్రమే ఉండవచ్చు. అందుకున్నవారి స్థానంలో ఒక జాబితా పేరు మాత్రమే ఉండవచ్చు. ఆ జాబితాలో ఎవరెవరున్నారో కంప్యూటర్‌కే తెలుసు. ఎవరు ఏ సమయానికి సందేశాన్ని అందుకున్నారన్న రసీదు కూడా కంప్యూటర్లోనే ఉంది, కాగితం మీదికి రాలేదు. ప్రభుత్వంలో ఎవరికి ఏమి తెలుసు, ఎప్పుడు తెలిసింది అన్నదే రేపటి చరిత్రకారుడి ప్రశ్న అయితే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల భాగమే కాగితానికి లేకుండా పోయింది. కోర్టు ఆ కాగితాలను అంగచ్ఛేదం జరిగిన పత్రాల కింద లెక్కగట్టింది.

ఇక్కడ గమనించవలసినదేమిటంటే, విషయంలో ఒక్క అక్షరమైనా పోలేదు. పోయినవి లక్షణాలు మాత్రమే. అయినా అది పూర్తి రికార్డు కాదని తేలింది.

దీని తర్వాత ప్రమాణాలు వరసగా వచ్చాయి. 1995లో అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఇ-మెయిల్ రికార్డులతోపాటు పంపినవారి, అందుకున్నవారి పేర్లు, తేదీ కూడా భద్రపరచాలని నిబంధన పెట్టింది. 1997లో అక్కడి రక్షణ శాఖ 5015.2 అనే ప్రమాణం తెచ్చింది. 1999లో ఆస్ట్రేలియా తన కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల కోసం 20 లక్షణాల పట్టిక ప్రకటించింది. 2001లో రికార్డుల నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 15489 వచ్చింది. కేవలం రికార్డుల మెటాడేటా కోసమే ఐ.ఎస్.ఓ. 23081 మొదటి భాగం 2006లో వెలువడింది.

3. ఏమేమి లక్షణాలు కావాలి?

గ్రంథాలయ శాస్త్రం చదివినవారు ఇక్కడ డబ్లిన్ కోర్ పేరెత్తుతారు. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్ పట్టణంలో జరిగిన సమావేశంలోంచి పుట్టిన పదిహేను లక్షణాల పట్టిక అది. శీర్షిక, కర్త, తేదీ, విషయం వగైరా. వస్తువును వెతికి పట్టుకోవడానికి అది బాగా పనికివస్తుంది. కాని రికార్డుకు అది చాలదు. పుస్తకం దొరికితే పాఠకుడి పని అయిపోయింది. రికార్డు దొరికాక అసలు ప్రశ్న మొదలవుతుంది: దీన్ని నమ్మవచ్చునా?

అందుచేత ఐ.ఎస్.ఓ. 23081 రెండవ భాగం లక్షణాలను ఆరు గుంపులుగా విభజించింది. పరీక్షల విభాగంలో 1985 నాటి టాబ్యులేషన్ రిజిస్టరును స్కాన్ చేశామనుకుని ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది గుర్తింపు. ఈ రికార్డుకు మరెవరికీ లేని ఒక సంఖ్య. ఒకసారి ఇచ్చాక మార్చకూడదు, మరొకదానికి ఇవ్వకూడదు.

రెండవది వర్ణన. ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఏ పరీక్ష, ఏ హాల్ టికెట్ నంబర్లనుంచి ఏ నంబర్ల వరకు.

మూడవది వినియోగం. ఏ ఫార్మాట్‌లో ఉంది, ఏ భాషలో ఉంది, ఎవరు చూడవచ్చు, ఎవరు చూడకూడదు.

నాలుగవది జరగవలసిన పనుల పట్టిక. ఎంతకాలం ఉంచాలి, ఎప్పుడు మళ్ళీ పరిశీలించాలి, చివరికి ఆర్కైవ్స్‌కు పంపాలా, తీసివేయాలా. పాత డిస్పోజల్ అక్షరాల కొత్త రూపం ఇదే.

ఐదవది జరిగిన పనుల చరిత్ర. ఏ రోజున ఎవరు స్కాన్ చేశారు, ఎవరు సరిచూశారు, ఎవరు తెరిచారు, ఎవరు ఏ మార్పు చేశారు, ఎవరి ఆజ్ఞమీద చేశారు.

ఆరవది సంబంధాలు. ఈ రిజిస్టరుకూ, తర్వాత వచ్చిన రీవాల్యుయేషన్ ఆర్డరుకూ, జారీ అయిన మార్కుల మెమోకూ ఉన్న బంధుత్వం.

మన ఆఫీసుల్లో కంప్యూటరీకరణ జరిగినచోట మొదటి రెండు గుంపులు సాధారణంగా ఉంటాయి. చివరి రెండింటి దగ్గరే కొరత. తగాదా వచ్చినప్పుడు కావలసినవి సరిగ్గా ఆ రెండే.

4. నిర్వహణలో నాలుగు చిక్కులు

(అ) గళ్ళు నింపేదెవరు?

కమిటీ కూర్చుని రాస్తే నలభై గళ్ళు సులభంగా తయారవుతాయి. అన్నీ తప్పనిసరి అంటారు. రోజుకు వంద కాగితాలు ఎక్కించవలసిన ఉద్యోగి ఏం చేస్తాడు? గళ్ళలో చుక్కలు పెడతాడు, లేదా "ఇతరములు" అన్నదాన్ని ఎంచుకుంటాడు. కొన్నాళ్ళకు రికార్డుల్లో సగం "ఇతరములు" కింద సమాధి అవుతాయి. ఖాళీ గడి కంటే అబద్ధపు గడి ప్రమాదకరం. ఖాళీగా ఉంటే మళ్ళీ నింపవచ్చు. తప్పుగా నిండినదాన్ని ఎవరూ అనుమానించరు.

పైన చెప్పిన ఆస్ట్రేలియా పట్టికలో 20 లక్షణాలున్నా తప్పనిసరి చేసినవి 8 మాత్రమే. అనుభవం నేర్పిన తెలివి అది. సూత్రం ఇలా చెప్పుకోవచ్చు: యంత్రానికి తెలిసినది మనిషిని అడగకూడదు. ఎక్కించిన తేదీ, సమయం, లాగిన్ అయిన వ్యక్తి, ఫైలు పరిమాణం, ఫార్మాట్ ఇవన్నీ యంత్రమే రాసుకోవాలి. ఎన్.ఐ.సి. తయారుచేసిన ఇ-ఆఫీసులో ఫైలు ఎవరి దగ్గరనుంచి ఎవరి దగ్గరికి ఏ రోజున కదిలిందో దానంతటదే నమోదు కావడం ఇటువంటిదే. మరికొన్ని లక్షణాలు తండ్రినుంచి బిడ్డకు వచ్చినట్టు ఫైలునుంచి కాగితానికి సంక్రమించాలి. స్కాలర్‌షిప్ ఫైల్లో చేర్చిన ఉత్తరానికి ఆ ఫైలు వర్గం, దాన్ని ఉంచవలసిన కాలం వాటంతటవే రావాలి. మనిషిని అడగవలసినవి మనిషికి మాత్రమే తెలిసిన రెండు మూడు సంగతులు: ఇది దేన్ని గురించి, ఏ పనిలో భాగం, ఇందులో గోప్యమైనది ఏమైనా ఉందా.

(ఆ) ఎలా రాయాలి?

తేదీ సంగతే చూడండి. 03/04/1985 అని రాస్తే మనకది ఏప్రిల్ మూడు, అమెరికా సాఫ్ట్‌వేర్‌కు మార్చి నాలుగు. ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం 1985-04-03 అని సంవత్సరాన్ని ముందు పెట్టమన్నది ఈ గందరగోళం తప్పించడానికే. పైగా ఒక రికార్డుకు ఒకటే తేదీ ఉండదు. ఉత్తరం రాసిన తేదీ, ఆఫీసుకు అందిన తేదీ, స్కాన్ చేసిన తేదీ మూడూ వేరు. 1985 రిజిస్టరును 2019లో స్కాన్ చేస్తే కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైలు 2019లో పుట్టింది. అసలు తేదీకి ప్రత్యేకంగా గడి లేకపోతే, ముప్ఫై నాలుగేళ్ళ వయసు ఒక్క క్లిక్కుతో మాయమవుతుంది.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్ళ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందు వచ్చే ఆచారం మనది. ఫారంలో "మొదటి పేరు", "చివరి పేరు" అని రెండు గళ్ళుంటే ఒకరు ఇంటిపేరును మొదటి గడిలో, మరొకరు రెండవ గడిలో రాస్తారు. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరం, మరోచోట పూర్తిగా. లక్ష్మి అన్న రెండక్షరాలను ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. మనిషి ఒక్కరే, కంప్యూటర్‌కు మాత్రం నలుగురు. అందువల్ల మనిషిని పేరుతో గుర్తించకూడదు. మారని సంఖ్యతో గుర్తించి, పేరును ఆ సంఖ్యకు చెందిన లక్షణంగా ఉంచాలి.

లిపి కూడా ఒక లక్షణమే. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా చాలా ఏళ్ళపాటు మనవాళ్ళు ఎవరి ఫాంటులో వారు టైపు చేశారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఇది ఫలానా ఫాంటులో ఉన్నది అన్న ఒక్క ముక్క పక్కన రాసి ఉంటే ఆ రాత ఈనాడు కూడా యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. రాయకపోతే పొడుపుకథే.

(ఇ) మారినప్పుడు ఏం చేయాలి?

ఇది అన్నిటికంటే పెద్ద చిక్కు. 1985లో హనుమకొండ చిరునామాతో వచ్చిన దరఖాస్తు ఉందనుకుందాం. ఆనాడది వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్ఫై ఒకటయినప్పుడు అది వరంగల్ అర్బన్ జిల్లా అయింది. 2021లో దాని పేరు హనుమకొండ జిల్లాగా మారింది. అదే ఏడు వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ అని పేరు పెట్టారు. అంటే 1985 వరంగల్ జిల్లా, నేటి వరంగల్ జిల్లా పేరుకే ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి.

ఎవరో ఉత్సాహవంతుడు కంప్యూటర్ ముందు కూర్చుని పాత జిల్లా పేర్లన్నీ తీసి కొత్తవి వేశాడనుకోండి. 1985లో లేని జిల్లానుంచి 1985లో దరఖాస్తు వచ్చినట్టవుతుంది. అసలేమీ మార్చకపోతే హనుమకొండ జిల్లా రికార్డులు వెతికేవారికి అది దొరకదు. రెండూ తప్పే. చేయవలసినది ఏమిటంటే, పాత విలువను అలాగే ఉంచి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ పేరు, ఆ తర్వాత ఆ పేరు అని కాలపరిమితితో కొత్త విలువను పక్కన చేర్చడం. చెరపవద్దు, చేర్చు. రికార్డుల విద్యలో ఇంతకంటే ముఖ్యమైన సూత్రం మరొకటి లేదు.

విద్యార్థికి నేరుగా తగిలే ఉదాహరణ ఇంకొకటి చెబుతాను. ఒకరికి ఒక పేపర్లో 34 మార్కులు వచ్చి తప్పారు. రీవాల్యుయేషన్‌లో 41 అయింది, పాసయ్యారు. మెమో వచ్చింది, డిగ్రీ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. పదేళ్ళ తర్వాత ఉద్యోగం ఇచ్చినవారు సర్టిఫికెట్లు సరిచూడమని యూనివర్సిటీకి రాస్తారు. స్కాన్ చేసిన టాబ్యులేషన్ రిజిస్టరులో 34 ఉంది, కంప్యూటర్లో 41 ఉంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పే వాక్యం ఎక్కడా లేదు. నిజాయితీగా పాసైన విద్యార్థికీ, డబ్బిచ్చి మార్కులు దిద్దించుకున్న విద్యార్థికీ తెర మీద తేడా ఏమీ ఉండదు. పాత విలువ 34, కొత్త విలువ 41, మార్చిన తేదీ, మార్చినవారు, ఆధారమైన ఆర్డరు నంబరు: ఈ అయిదు లక్షణాలుంటే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం. లేకపోతే ఒక మనిషి పరువు, జీతం గాలిలో వేలాడతాయి. జరిగిన పనుల చరిత్ర దొంగను పట్టుకోవడానికి మాత్రమే కాదు, దొంగ కానివాడిని కాపాడడానికి కూడా.

ఈ చరిత్రను ఎవరూ దిద్దలేని విధంగా ఉంచాలని వేరే చెప్పనక్కరలేదు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుకైనా చదివే హక్కే తప్ప చెరిపే హక్కు ఉండకూడదు. ఫైలు మారలేదని చూపడానికి హ్యాష్ అనే పద్ధతి ఉంది. షా-256 అనే లెక్క ఎంత పెద్ద ఫైలునైనా నమిలి 64 అక్షరాల వేలిముద్ర వంటిది ఇస్తుంది. ఫైల్లో ఒక్క కామా మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. దాన్ని ఒక లక్షణంగా దాచిపెట్టి, అప్పుడప్పుడు మళ్ళీ లెక్కగట్టి పోల్చి చూడాలి.

(ఈ) ఇల్లు మారినప్పుడు

సాఫ్ట్‌వేర్ ఆయుష్షు తక్కువ, రికార్డు ఆయుష్షు ఎక్కువ. శాశ్వతంగా ఉంచవలసిన రిజిస్టరు తన జీవితంలో ఎన్ని సిస్టమ్‌లు మారుతుందో ఎవరు చెప్పగలరు? అద్దె ఇల్లు మారేటప్పుడు సామానంతా లారీ ఎక్కి, తాళంచెవుల గుత్తి పాత ఇంట్లో మరిచిపోయినట్టు, ఈ బదిలీల్లో ఫైళ్ళు వస్తాయి, లక్షణాల పట్టిక రాదు. అందుకని కాంట్రాక్టు రాసుకునే రోజునే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మేము వెళ్ళిపోదలచుకున్న నాడు లక్షణాలన్నిటినీ, మార్పుల చరిత్రతో సహా, అందరూ చదవగల రూపంలో ఇస్తారా? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పబ్లిక్ రికార్డ్ ఆఫీసు విషయాన్నీ లక్షణాలనూ ఒకే మూటలో కట్టి ఉంచే పద్ధతి అనుసరించింది. మళ్ళీ అన్నీ ఒకే కాగితం మీద ఉన్న పాత రోజులకు వెళ్ళినట్టే.

గడువు తీరి తీసివేసిన రికార్డుకు కూడా గుర్తింపు సంఖ్య, పేరు, తీసివేసిన తేదీ, ఎవరి ఆజ్ఞ అన్న ముక్క మిగలాలి. మనిషి పోయినా మరణాల రిజిస్టరులో పేరుంటుంది గదా! అది లేకపోతే నియమం ప్రకారం తీసివేసినదానికీ, ఎవరో మాయం చేసినదానికీ భేదం తెలియదు.

5. మన చట్టం ఏమంటుంది?

ఇవన్నీ విదేశాల ముచ్చట్లని కొట్టివేయడానికి లేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 7వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డు నిలుపుదలకు మూడు షరతులు పెట్టింది. తర్వాత కూడా తెరిచి వాడుకోవడానికి వీలుండాలి. పుట్టిన రూపంలోనో, దానికి సరిగ్గా సమానమైన రూపంలోనో ఉండాలి. ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్ళింది, పంపిన లేదా అందిన తేదీ, సమయం ఏమిటన్నది గుర్తించే వివరాలు కూడా రికార్డులో ఉండాలి. మూడవ షరతు చదివితే వాషింగ్టన్ తీర్పు గుర్తుకు రాక మానదు.

1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కంప్యూటర్‌లో తయారైనదాన్ని కూడా పబ్లిక్ రికార్డుగానే లెక్కించింది. కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల రికార్డులకు వర్తించే ఆ చట్టం ప్రకారం నిర్ణీత పద్ధతి తప్పి రికార్డులు ధ్వంసం చేస్తే అయిదేళ్ళ వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ రికార్డులను జాబితా కట్టి, సూచికలతో ఉంచాలని ప్రతి ప్రభుత్వ సంస్థనూ ఆదేశించింది. ఇక 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు ఇవ్వవలసిన సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువకు ప్రత్యేకంగా చోటుంది. అంటే లక్షణాలు లేని రికార్డు కోర్టు మెట్లెక్కినా తడబడక తప్పదన్నమాట.

6. మన ఇంటి సంగతి

యూనివర్సిటీనీ, ప్రభుత్వాన్నీ అనడం తేలిక. మన యూనియన్ కాగితాల మాటేమిటి? తీర్మానాలు ఒకరి ల్యాప్‌టాప్‌లో, ఖాతాలు మరొకరి జీమెయిల్లో, ఫోటోలు వాట్సాప్ గ్రూపులో. కార్యదర్శి చదువు ముగించి వెళ్ళిపోతే పాస్‌వర్డు కూడా వెళ్ళిపోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపినప్పుడు కెమెరా రాసిపెట్టిన తేదీ, చోటు వంటి వివరాలు చాలావరకు రాలిపోతాయని ఎందరికి తెలుసు?

మనకు పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. యూనియన్ పేరు మీద ఒక ఖాతా, అందులో ఒక పట్టిక, పట్టికలో ఏడు గళ్ళు చాలు: సంఖ్య, ఏమిటిది, అసలు తేదీ, ఎవరు తయారుచేశారు, ఏ సందర్భంలో, ఎంతకాలం ఉంచాలి, మార్పు ఏదైనా ఉంటే ఎవరు ఎందుకు చేశారు. కొత్త కార్యవర్గానికి బాధ్యతలు అప్పగించే రోజున క్యాష్ పుస్తకంతోపాటు ఈ పట్టికను కూడా అప్పగించి, ఇద్దరూ సంతకం చేయాలి. ఇంతమాత్రం చేస్తే పదేళ్ళ తర్వాత వచ్చే యూనియన్ మనల్ని తలుచుకుంటుంది.

అన్నిటికంటే ముందు చేయవలసినది మరొకటి ఉంది. ఈ ఏటి గ్రూపు ఫోటో ప్రెస్సుకు వెళ్ళేలోగా ఎవరో ఒకరు కూర్చుని, కింద పేర్లు సరిగ్గా రాయండి. ఎడమ నుంచి కుడికి, వరుస తప్పకుండా, ఇంటిపేర్లు పూర్తిగా, సంవత్సరంతో సహా. ఆ రోజు రాలేకపోయినవారి పేర్లు కూడా విడిగా వేయండి. ఇప్పుడు అందరికీ అందరూ తెలుసు గనుక ఇది పనిలేని పనిలాగే ఉంటుంది. తెలిసినవాళ్ళు ఉన్నప్పుడే రాసిపెట్టాలి. తెలియనివాళ్ళు అడిగే నాటికి చెప్పడానికి మనం ఎదురుగా ఉండం.